ఎత్తేది ఎవరు

ఇలా రా తల్లీ, ఆ ఫోను కాస్త పక్కన పడేసి నా దగ్గరికి జరుగు. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. మనిషిని మనిషి ఎత్తడం గురించిన కథ. వినేవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది ఎంతో.

ఒక కోడలు ఉండేది. కాపురానికి వచ్చిన రోజున అత్త ఆమెను కింది నుంచి పైదాకా చూసి, "గువ్వంత ఉంది, ఇదేం పని చేస్తుంది?" అందట. ఆ మాట ఇంట్లో అలాగే నిలిచిపోయి, తిరిగి తిరిగి చివరికి పేరైపోయింది. గువ్వ. సొంత పేరు ఆమెకే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వచ్చేది, ఎక్కడైనా సంతకం పెట్టమంటే.

పొద్దున్నే గువ్వ చేసే మొదటి పని అత్తను మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం. ముందు దుప్పటి తీసి తడిసిందో లేదో చూడాలి. ఒత్తిగిల్లించి, కాళ్ళు మంచం అంచుకు లాగి, భుజాల కింద చెయ్యి వేసి కూర్చోబెట్టాలి. అక్కడిదాకా ఒక ఎత్తు. ఆ తర్వాత తాను వంగి, తన మోకాళ్ళతో అత్త మోకాళ్ళను అదిమిపట్టి, అత్తకు బాగున్న ఒక్క చేతినీ తన మెడ చుట్టూ వేసుకుని, ఆవిడ నడుము దగ్గర బట్టను రెండు చేతులా గుప్పిట పట్టి, ఊపిరి బిగబట్టి లేపాలి. లేచినంతసేపూ అత్త ఒళ్ళంతా గువ్వ మెడకే వేలాడుతుంది. అలా వేలాడుతుండగానే తిప్పాలి. తిప్పి కుర్చీలో దించాలి. కుర్చీ చక్రాలకు బ్రేకు వేయడం మర్చిపోయిందంటే ఇద్దరూ నేల మీదే. కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి, అక్కణ్ణుంచి మళ్ళీ కుర్చీలోకి, మళ్ళీ మంచం మీదికి. రోజుకు ఎన్నిసార్లని అడగకు. లెక్క పెట్టినవాళ్ళు ఎవరూ లేరు, ఆమెతో సహా.

అత్తకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమ కాలు ఉందన్న మాటే గానీ నిలబెట్టే పాటిది కాదు. మాట కూడా పోయింది. బాగా అలవాటుపడిన మాటలే ముందు తిరిగొస్తాయని డాక్టరు చెప్పాడు. ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు, ఏ మాట వస్తుందో, ఎవరి పేరు పిలుస్తుందోనని. వచ్చింది ఒకనాడు. గువ్వ పాలగ్లాసు నోటికి అందిస్తూ కాస్త ఆలస్యం చేసేసరికి, స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా, "చేతులు పడిపోయాయా?" అంది అత్త. కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మ మాట్లాడిందే! మనకి మాట తిరిగొచ్చేసిందే!" అని అందరికీ ఫోన్లు చేశాడు. గువ్వ ఆ పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్ని మాటలూ పోయిన మనిషికి తనను అనే మాట మాత్రం పోలేదు. ఇన్నేళ్ళలో అది ఎంత లోతుకి దిగబడి ఉండాలి అనుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక, గ్లాసు అంచు తుడిచి మళ్ళీ నోటికి పెట్టింది.

ఇప్పుడు విను, అసలు సంగతికి వస్తున్నా. ఆ ఇంట్లో "మనం" అనే మాట ఒకటుంది. కొత్తలో ఎప్పుడూ ఆ మాట గువ్వ దాకా రాలేదు. అప్పట్లో అంతా "మేము". "మేము ఇలా వండుకోం." "మా ఇంట్లో ఆడవాళ్ళు ఇంత పొద్దెక్కి లేవరు." "మావాళ్ళకి నచ్చదు." వాళ్ళు మేము, ఆమె నువ్వు. ఏళ్ళ తరబడి అదే. అత్త పడిపోయిన వారం తిరగక ముందే ఆ మేము కాస్తా మనం అయిపోయింది. "అమ్మని మనమే చూసుకుంటున్నాం అండీ, బయటి మనిషిని ఎవర్నీ పెట్టలేదు" అని చెప్పేవాడు మొగుడు ఫోన్లో. "మనం పొద్దున్నే స్నానం చేయించేస్తాం." "మనకి అలవాటైపోయింది లెండి." వినేవాళ్ళకు ఓ నలుగురు మనుషులు, ఎనిమిది చేతులు కళ్ళకు కట్టేవి. గదిలోకి తొంగిచూస్తే గువ్వ ఒక్కతే. మొదట్లో ఆమెకూ ఆ మాట తీపిగానే తగిలింది, అబద్ధం ఎందుకు. నన్ను కలుపుకున్నారు అనుకుంది. కలుపుకున్నది తనను కాదు, తన చేతుల్ని అని తెలియడానికి భుజం నొప్పి రావలసి వచ్చింది.

మొగుడు ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. ముందు గదిలో పెద్ద బల్ల, కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్లు. రోజంతా ఇంట్లోనే ఉంటాడు. "ఇంట్లోనే ఉంటాను కదా" అనేవాడు, ఉండటమే ఒక పని అయినట్టు. "ఏమండీ, ఒక్కసారి వస్తారా" అని లోపల్నుంచి గువ్వ పిలిస్తే, "వస్తున్నా, ఒక్క గీత" అనేవాడు. ఆ గీత ఎంత పొడుగో ఆమెకు ఎప్పుడూ అంతుబట్టలేదు.

ఆమెకూ బయట ఉద్యోగం ఉంది. కళ్ళజోళ్ళ షాపులో. అత్త పడిపోయాక సగం పూటకి మార్చుకుంది. మార్చుకున్న రోజే కౌంటరు వెనక ఆమె కుర్చీ కొత్తగా వచ్చిన అమ్మాయికి వెళ్ళిపోయింది. "సగం పూటకి కుర్చీ ఎందుకులే, నిలబడితే నడుముకి మంచిది" అన్నాడు ఓనరు. ఒకనాడు ఎవరో పై అరలో ఉన్న ఫ్రేము అడిగారు. గువ్వ చెయ్యి ఎత్తబోయింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది చెయ్యి. ఎవరో లోపల మేకు దిగ్గొట్టినట్టయి కళ్ళు బైర్లు కమ్మాయి. ఓనరు చూసి, "ఏంటమ్మా, ఇంట్లో కుస్తీ గానీ పడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. గువ్వ కూడా నవ్వింది. అవును, కుస్తీయే. రోజూ ఎదుటి మనిషిని గెలిపించాల్సిన కుస్తీ, అనుకుంది లోపల.

ఆసుపత్రి నుంచి అప్పుడప్పుడు అత్తకు కసరత్తు చేయించడానికి ఒకావిడ వచ్చేది. గువ్వ ఎత్తడం చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మెడకి వేలాడదీసుకోకమ్మా. ఆవిడ జారితే ఆపలేవు. జారకపోతే నువ్వు విరుగుతావు. మనిషిని ఎత్తే లిఫ్టు మిషన్లు ఉన్నాయి, ఒకటి తెచ్చుకోండి" అంది.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతలే కాపురం. వారానికోసారి పళ్ళు పట్టుకొచ్చి, అమ్మ తల నిమిరి, ఫొటో తీసుకుని వెళ్తుంది. సంగతి చెవిన పడగానే మూతి ముడిచింది.

"మిషనా? మా అమ్మేమన్నా బస్తానా వదినా, కొక్కేనికి తగిలించి ఎత్తడానికి?"

"బస్తా అయితే ఎవరో ఒకరు రెండో చెయ్యి వేసేవాళ్ళే" అంది గువ్వ.

"అది కాదు వదినా. చేత్తో ఎత్తితే అందులో ప్రేమ ఉంటుంది. మిషనుకి ప్రేమ ఉంటుందా చెప్పు?"

"ప్రేమ ఉందమ్మా. భుజమే లేదు."

మొగుడు నవ్వాపుకుంటూ, "అబ్బో, మాటలు నేర్చింది" అన్నాడు. సరిగ్గా అప్పుడే మంచం మీద నుంచి అత్త, "చేతులు పడిపోయాయా?" అంది. ఇక ఆడపడుచుకు నవ్వు ఆగలేదు. "చూశావా, అమ్మకి అన్నీ తెలుస్తున్నాయి!" అంది.

అక్కడితో ఆ మాట అటకెక్కాల్సింది. కానీ మొగుడు సరదాగా ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఇనుప చెయ్యి, దాని కింద ఊగే కొక్కెం, అడుగున విచ్చుకునే రెండు కాళ్ళు, చక్రాలు. మనిషి అలసట ఏడాదిగా కళ్ళెదుటే ఉన్నా కనబడనివాడికి మిషను కనబడగానే కళ్ళు మెరిశాయి. ఆ రాత్రికే గది ప్లాను గీసేశాడు. తలుపు వెడల్పు, మంచం, కుర్చీ, మిషను తిరగడానికి చోటు, అన్నీ అచ్చు గుద్దినట్టు. మంచం పక్కన రెండు సున్నాలు గీశాడు.

"ఇవేమిటి?" అంది గువ్వ.

"ఎత్తేవాళ్ళు."

"ఒక సున్నా నేను. రెండోది?"

"ఏయ్, అది ప్లాను. ప్లాన్లో పేర్లు రాయరు" అన్నాడు.

అత్త దగ్గర పక్కింటావిడను కూర్చోబెట్టి, మిషన్ల షాపుకి ముగ్గురూ వెళ్ళారు. ఆడపడుచు కూడా తోడొచ్చింది, అమ్మ విషయం కదా అని. షాపు ఆవిడ ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించింది. మొదటిది మనిషిని నిలబెట్టే మిషను. కాళ్ళల్లో కాస్తయినా సత్తువ ఉంటే మోకాళ్ళు ఆనించి, నడుముకి పట్టీ వేసి లేపుతుంది. "చిన్నగా, ముచ్చటగా ఉంది" అని మొగుడు దాని చుట్టూ తిరిగాడు. "అత్తయ్య కాలు నిలవదు కదండీ" అంది గువ్వ. "ఇది వద్దయితే" అంది షాపు ఆవిడ, "బరువు కాళ్ళ మీద పడకపోతే పట్టీలోంచి కిందికి జారిపోతారు." రెండోది పైకప్పుకి పట్టాలు బిగించి మనిషిని వేలాడదీసి నడిపించేది. అద్దె ఇల్లు, స్లాబుకి కన్నాలు పెట్టనివ్వరు. మూడోది నేల మీద చక్రాలతో తిరిగేది. మనిషి కింద ఒక గుడ్డ పరిచి, దాని నాలుగు కొసల పట్టీలు కొక్కేలకు తగిలించి మొత్తంగా లేపేస్తుంది. వీళ్ళకు సరిపోయేది అదే. అందులో మళ్ళీ రెండు రకాలు. ఒకటి పంపు కొట్టేది, ఒకటి బ్యాటరీది.

అప్పుడు షాపు ఆవిడ ఆ ప్రశ్న అడిగింది. ఎవరొచ్చినా అడిగే మామూలు ప్రశ్నే.

"ఇంట్లో ఎత్తేది ఎవరండీ?"

గువ్వ నోరు తెరిచింది. ఆమె పెదవి కదిలే లోపే మొగుడు, "మనమేనండీ" అన్నాడు.

"అంటే ఎంతమంది ఉంటారు ఆ సమయానికి? ఎందుకంటే పంపు మిషనుకి ఇద్దరు కావాలి. ఒకరు పంపు దగ్గర, ఒకరు మనిషి దగ్గర. గాల్లో ఉన్నప్పుడు ఆ మనిషిని ఒకరు పట్టుకునే ఉండాలి. ఒక్కరే చూసుకునేట్టయితే బ్యాటరీది తీసుకోండి. ఒక చేత్తో బటను నొక్కి, రెండో చేత్తో మనిషిని పట్టుకోవచ్చు."

"ఒక్కరేమిటండీ, నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను. మా చెల్లెలు రెండు వీధుల అవతలే."

"అవునండీ, మనమంతా ఉండగా బ్యాటరీ ఎందుకు?" అంది ఆడపడుచు.

"ఎక్కువగా నేను ఒక్కదాన్నే..." అంది గువ్వ.

"దాని మొహం, అది అలాగే అంటుంది లెండి" అన్నాడు మొగుడు నవ్వుతూ. షాపు ఆవిడ ముగ్గురి మొహాలూ చూసింది. ముగ్గురిలో ఇద్దరు ఒక మాట మీద ఉన్నారు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పంపు మిషనునే ముందుకి జరిపింది.

ఒకసారి ఎవరైనా కూర్చుని చూడండి అంటే మొగుడు వెనక్కి జరిగాడు. ఆడపడుచు తన బట్టలు చూసుకుని, "నేనా? అమ్మో" అంది. గువ్వను కూర్చోబెట్టారు. తొడల కింద నుంచి గుడ్డ లాగి, పట్టీలు తగిలించి, షాపు ఆవిడ పంపు కొట్టింది. పాదాలు నేలను విడిచాయి. తల్లీ, అప్పుడు ఆమెకేమనిపించిందో నేను చెప్పలేనేమో. భయం కాదు. గాల్లో ముడుచుకుని వేలాడుతుంటే, తనకూ ఇంత బరువు ఉందా అనిపించింది. ఆ బరువును ఎవరో మోస్తున్నారు. మోస్తున్నందుకు ఎవరూ ఏమీ అనడం లేదు. ఊపిరి తనంతట తానే పొట్ట దాకా వెళ్ళి వచ్చింది. ఎన్నాళ్ళయిందో అలా వెళ్ళి. "చాల్లే దిగు, మనం కొనేది నీ ఉయ్యాల కోసమా?" అన్నాడు మొగుడు ఫోన్లో వీడియో తీస్తూ. దింపారు. పాదం నేలకు తగలగానే భుజంలో మేకు మళ్ళీ మొదలయింది. షాపు ఆవిడతో ఇంకో మాట చెబుదామా అనుకుంది. రసీదు అప్పటికే రాస్తున్నారు. నలుగురిలో మొగుడి మాట తీసెయ్యడం ఏం బాగుంటుంది అనుకుంది. ఆ బాగుండటం కోసమే ఆడది ఎన్ని మింగుతుందో ఎవరూ రాయరు.

మిషను ఇంటికి వచ్చిన రోజు మొదటి తిప్పలు. మంచం కిందికి మిషను కాళ్ళు దూరలేదు. అది అడుగున సొరుగులున్న పెట్టె మంచం. నేల దాకా చెక్కే. కాళ్ళు లోపలికి వెళ్ళకపోతే కొక్కెం మనిషి మీదికి రాదు. మొగుడు ప్లాను తెచ్చి చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. పై నుంచి గీసిన బొమ్మలో మంచం కింద ఏముందో కనబడదు. "రోజూ ఆ సొరుగుల్లో దుప్పట్లు సర్దేదాన్ని నన్ను అడిగితే చెప్పేదాన్ని కదండీ" అంది గువ్వ. "ముందే చెప్పాల్సింది" అన్నాడతను. పెట్టె మంచం తీసేసి ఇనుప మంచం వేశారు. అత్త తన మంచం పోయిందని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా గువ్వ ఖాతాలోకే వచ్చింది.

మొదటి రోజు మాత్రం సంబరంగా జరిగింది. మొగుడు పంపు కొట్టాడు. ఆడపడుచు అమ్మ మోకాళ్ళు పట్టుకుంది. గువ్వ గుడ్డ పరిచింది, తగిలించింది, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పింది, తర్వాత వీడియోలో పడకుండా పక్కకు జరగమంటే జరిగింది. "మనం అమ్మకి లిఫ్టు పెట్టించాం" అని చుట్టాలందరికీ వెళ్ళింది. "ఇలాంటి పిల్లలు అందరికీ ఉండాలి" అని జవాబులు వచ్చాయి. రెండో రోజు మొగుడు వచ్చాడు. మూడో రోజు పంపు సగం కొట్టి, ఫోను వచ్చిందని వెళ్ళాడు. వారం దాటాక "వస్తున్నా" మిగిలింది. గువ్వ కుడి చేత్తో పంపు కొడుతూ ఎడమ చెయ్యి బారచాపి అత్త మోకాలు పట్టుకోవడం నేర్చుకుంది. చెయ్యి అందకపోతే కాలు చాపేది. మెడకు వేలాడదీసుకోవడం కన్నా నయమే కదా అనుకునేది. నయమే అనుకోవడం కూడా ఒక జబ్బే తల్లీ, ఎంతవరకైనా తీసుకుపోతుంది.

ఒక మధ్యాహ్నం అత్త మంచం మీద తడిపేసుకుంది. మార్చాలి. "ఏమండీ" అంది గువ్వ. "వస్తున్నా." పట్టీలు తగిలించింది. "ఏమండీ!" "వస్తున్నానన్నానుగా." అత్త చలికి వణుకుతోంది. గువ్వ పంపు కొట్టింది. అత్త లేచింది. మిషను వెనక్కి లాగుతుంటే అత్త కొంచెం ఊగి, భయపడి, బాగున్న చేత్తో మంచం కమ్మీ పట్టేసుకుంది. ఉడుంపట్టు. మిషను ఇటు, మనిషి అటు. పక్కన ఇంకొకరు ఉంటే ఆ వేళ్ళు మెల్లిగా విడదీసేవారు, అంతే. గువ్వ పంపు దగ్గరుంది. "వదలండి అత్తయ్యా, వదలండి, నేనున్నాను" అంటూనే ఉంది, మిషను ఒక కాలు లేచి ఒరిగింది. గువ్వ పంపు వదిలేసి పరిగెత్తి అత్త కింద భుజం పెట్టింది. ఏడాదిగా పెడుతున్న ఆ భుజమే. లోపల ఏదో గుడ్డ చిరిగినట్టు చప్పుడయింది. ఆమెకే వినిపించింది అది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద వెల్లకిలా ఉంది. మీద అత్త. ఆవిడకు దెబ్బ తగల్లేదు, కింద గువ్వ ఉంది గనక. అత్త మొహం గువ్వ మొహానికి జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. కుడి చెయ్యి కదలడం లేదు. ఊపిరి కూడగట్టుకుని గువ్వ అరిచింది, "ఏమండీ..."

"వస్తున్నా, ఒక్క నిమిషం!"

అత్త ఆ మాట విన్నది. గువ్వ కళ్ళల్లోకే చూస్తూ, నాలుక మెలిపెట్టి, ఎక్కడో అడుగు నుంచి తవ్వి తీసినట్టు ఒక కొత్త మాట అంది.

"రాడు."

అలవాటైన మాట కాదది. ఆ ఇంట్లో ఎన్నడూ పైకి రాని మాట. గువ్వకు ఒక్కసారిగా అర్థమయింది, ఈవిడ కూడా తన కాలంలో ఏ గదిలోనో ఎవరినో పిలిచి పిలిచి ఉంటుంది. పిలవడం మానేసిన చోటే బహుశా ఆ దెప్పిపొడుపులన్నీ మొలిచి ఉంటాయి. క్షమించిందని చెప్పను. ఆ నేల మీద, ఆ తడిలో, క్షమించడానికి తీరిక ఎక్కడిది? కానీ ఇద్దరూ కలిసి గుమ్మం వైపు చూస్తూ పడుకున్నారు. టీ కోసం లేచినప్పుడు వచ్చాడతను.

గుమ్మంలోనే నిలబడి, "అమ్మకేం కాలేదు కదా?" అన్నాడు. పక్కింటివాళ్ళు వచ్చి అత్తను లేపారు. అతను చెల్లెలికి ఫోను చేశాడు. "ఇది అమ్మని పడేసిందే" అన్నాడు. గువ్వ గోడకు ఆనుకుని, చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆ మాట వింది. మిషను తెచ్చింది మనం. చూసుకునేది మనం. పడేసింది ఇది. నొప్పి మధ్యలోనే, ఎవరో దీపం పెట్టినట్టు, ఇన్నాళ్ళ లెక్క అంతా కనబడింది ఆమెకు.

భుజంలో నరం తెగిందన్నారు డాక్టర్లు. కట్టు కట్టారు. తగ్గినా చెయ్యి భుజం పైకి లేవదని చెప్పారు. తల దువ్వుకోవడానికి రెండో చెయ్యే ఇక. మొదటి రెండు రోజులూ ఆడపడుచు వచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని అమ్మ పక్కబట్టలు మార్చింది. మూడో రోజుకి, "నా మోకాళ్ళు ఊరుకోవట్లేదు అన్నయ్యా. మనం ఇకమీదట కొంచెం జాగ్రత్తగా ఉండాలి వదినా" అని చెప్పులేసుకుంది. మొగుడు మిషను చుట్టూ తిరిగి, "ఎడమ చేత్తో కూడా కొట్టొచ్చు పంపు. నేను చూశాను, తేలిగ్గానే ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రమే షాపు ఆవిడ వచ్చింది. మీ మిషను ఒరిగిపోయింది, పాడైనది ఇచ్చారు అని అతనే ఫోను చేసి గట్టిగా మాట్లాడాడు మరి. ఆవిడ చక్రాలు చూసింది, కాళ్ళు తెరిచి మూసింది, పంపు కొట్టి దించింది. అన్నీ బాగున్నాయి. గువ్వ కట్టు వైపు చూసి, "పడినప్పుడు పంపు దగ్గర ఎవరున్నారు? మనిషి దగ్గర ఎవరున్నారు?" అంది.

"మనం మామూలుగా ఎప్పుడూ..." మొదలుపెట్టాడు మొగుడు.

"మనం లేమండీ" అంది గువ్వ. గొంతు పెద్దది చేయలేదు. "పంపు దగ్గర నేను. మనిషి దగ్గరా నేనే. ఏడాదిగా ఈ ఇంట్లో మనం అంటే నేను ఒక్కదాన్నే. ఇక నేనూ లేను."

షాపు ఆవిడ తల దించుకుని సంచి సర్దుకుంది. ఆవిడ గుమ్మం దాటాక మొగుడు, "బయటివాళ్ళ ముందా? అంటే ఏంటి నీ ఉద్దేశం, మా అమ్మనలా వదిలేస్తావా?" అన్నాడు.

"వదలను. ఎత్తను. ఎలా ఎత్తాలో చెబుతాను."

"మరి ఎత్తేది ఎవరు?"

గువ్వ అతన్నే చూసింది.

మర్నాడు పొద్దున్న ఆమె అత్త గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. "ఇది ఎటు వైపు?" అన్నాడు. "పట్టీలున్న వైపు బయటికి. అటు ఒత్తిగిల్లించండి. భుజం కింద చెయ్యి, బట్ట లాగకండి." దుప్పటి తీసేసరికి వాసన కొట్టింది. అతను మొహం తిప్పుకుని ఓకరించాడు. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. కన్నకొడుకు తన తడి చూస్తున్నాడు. కణత మీదుగా నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. అత్తయ్యా, నా చేతుల్లో అయితే ఈ సిగ్గు ఉండేది కాదు కదూ అనుకుంది గువ్వ. ఏడాదిగా ఆ సిగ్గును కూడా మోసింది తానే అని అప్పుడు తెలిసింది. అతను పట్టీ తప్పు కొక్కేనికి తగిలిస్తున్నాడు. గువ్వ కాళ్ళు నేలను తన్నాయి, ఒళ్ళు సగం లేచింది. కుర్చీ చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. "అది కాదు, పక్కది" అంది. మళ్ళీ కూర్చుంది.

నాలుగో రోజుకి అతనికి నడుం పట్టేసింది. "పోనీ, ఒక మనిషిని పెట్టుకుందామా? ఆ బ్యాటరీ మిషను కూడా చూద్దాం" అన్నాడు. ఏడాదిగా రాని ఆలోచన. "పెట్టుకోండి" అంది గువ్వ. మనిషి వచ్చింది, బ్యాటరీ మిషనూ వచ్చింది. అత్త బతికినంతకాలం గువ్వ పక్కన కూర్చుని అన్నం తినిపించింది, కబుర్లు చెప్పింది. ఎత్తమంటే మాత్రం ఎత్తలేదు. చుట్టాలు రాతిగుండె అన్నారు. ఆమె చెయ్యి ఇక భుజం పైకి లేవలేదు.

అంతే తల్లీ. దీన్ని గుర్తుపెట్టుకో. నీలాంటి పిల్లలు ఎక్కడ కనబడినా చెప్పు. చెప్పేటప్పుడు, ఆ పొద్దున్న గువ్వ కుర్చీలోంచి లేవలేదని చెప్పు. లేవబోయిందని కూడా చెప్పు. రెండూ చెప్పాలి.